పరిశోధన నుండి శాంతి స్థాపనకు: డాక్టర్ రాల్ఫ్ బంచ్

విదేశాంగ విధానం అనగానే రాయబారులు, మంత్రులు, ఒప్పందాలపై సంతకాలు మన కన్నుల ముందు నిలుస్తాయి. ఆ సంతకాల వెనుక ఏళ్ల తరబడి గ్రంథాలయాలలో శ్రమించిన పరిశోధకుని తలచుకొనేవారు అరుదు. అట్టి పరిశోధకులలో అగ్రగణ్యుడైన డాక్టర్ రాల్ఫ్ బంచ్ జీవితాన్ని మా విద్యార్థి మిత్రుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బంచ్ 1903లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించినారు. తండ్రిది క్షురక వృత్తి. 1917లో తల్లి మరణించగా, అప్పటికే తండ్రి నీడకు దూరమైన ఆ బాలుని అమ్మమ్మ లూసీ జాన్సన్ లాస్ ఏంజెలెస్‌లో పెంచి పెద్దచేసింది. భవనాలు ఊడ్చే పని చేస్తూనే ఆయన అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివి, 1927లో ప్రథముడుగా పట్టభద్రుడైనారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రవేశం లభించింది గాని ఖర్చులకు ధనం లేదు. అప్పుడు నగరంలోని నల్లజాతి ప్రజలు చందాలు పోగుచేసి వేయి డాలర్లు సమకూర్చినారు. పేదల చేతి నుండి వచ్చిన ఆ సొమ్ము వృథా పోలేదు.

1928లో ఎం.ఏ. పట్టం పొంది, వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడై, అక్కడ రాజనీతి శాస్త్ర శాఖను నెలకొల్పినారు. డాక్టరేటు కొరకు ఆయన ఎన్నుకున్న విషయం గమనించదగినది. పశ్చిమ ఆఫ్రికాలో పక్కపక్కనే ఉన్న టోగోలాండ్, దహోమీ రెండూ నాడు ఫ్రెంచి పాలనలో ఉండేవి. దహోమీ కేవలం వలస. టోగోలాండ్ మాత్రం నానాజాతి సమితి ఫ్రాన్స్‌కు అప్పగించిన ప్రాంతం; దాని పాలనపై జెనీవాకు నివేదికలు పంపవలసి ఉండేది. ఈ పర్యవేక్షణ వలన పాలితుల బ్రతుకు ఏమైనా బాగుపడినదా? ఇదే బంచ్ ప్రశ్న. అట్లాంటిక్ దాటి ఐరోపాకు, అక్కడి నుండి ఆఫ్రికాకు వెళ్లి స్వయంగా పరిశీలించినారు. ఆయనకు కనిపించిన భేదం స్వల్పమే. ఈ గ్రంథానికి 1934లో హార్వర్డ్ డాక్టరేటు లభించింది. అమెరికా విశ్వవిద్యాలయాలలో రాజనీతి శాస్త్రాన డాక్టరేటు పొందిన తొలి నల్లజాతీయుడు ఆయనే. తదుపరి లండన్‌లోను, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లోను పరిశోధన సాగించినారు.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆఫ్రికా విషయాలు ఎరిగిన పండితుని అవసరం ప్రభుత్వానికి కలిగింది. 1941లో యుద్ధ సమాచార సేకరణ సంస్థలో వలస ప్రాంతాల విశ్లేషకుడుగా చేరి, 1944లో విదేశాంగ శాఖలోకి మారినారు. 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి శాసన పత్రం సిద్ధమైనప్పుడు, పరాధీన ప్రాంతాలకు సంబంధించిన అధ్యాయాల రూపకల్పనలో ఆయన ముఖ్యపాత్ర వహించినారు. స్వపరిపాలన లేదా స్వాతంత్ర్యం లక్ష్యమని, ధర్మకర్తృత్వ మండలి ఆయా ప్రాంతాలకు ప్రతినిధులను పంపి పరిశీలించవచ్చునని, ప్రజల విన్నపాలు స్వీకరించవచ్చునని ఆ శాసనం పలికింది. పదకొండేళ్ల క్రితం ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు ప్రపంచం ఇచ్చిన సమాధానంగా మేము దీనిని భావిస్తున్నాము.

1948 సెప్టెంబరులో పాలస్తీనా మధ్యవర్తి కౌంట్ బెర్నడోట్ జెరూసలేంలో హత్యకు గురికాగా, ఆ భారం బంచ్‌పై పడింది. 1949 జనవరిలో రోడ్స్ ద్వీపంలో ఈజిప్టు, ఇజ్రాయెల్ ప్రతినిధులతో చర్చలు ఆరంభించినారు. చిన్న చిన్న అంశాలపై మొదట అంగీకారం కుదిర్చి, ప్రతి మాటను ముసాయిదాలో బిగించి, రాత్రింబగళ్లు శ్రమించినారు. ఫిబ్రవరి 24న తొలి యుద్ధవిరమణ ఒప్పందంపై సంతకాలు జరిగినవి. జులై నాటికి లెబనాన్, జోర్డాన్, సిరియాలతో కూడా ఒప్పందాలు కుదిరినవి. శాశ్వత శాంతి రాకపోయినా ఫిరంగుల మోత ఆగింది. 1950లో నోబెల్ శాంతి బహుమానం ఆయనను వరించింది. నల్లజాతీయులలో దానిని తొలిసారి పొందినది ఆయనే.

ఇంతటివానికి స్వదేశంలో లభించిన గౌరవం ఏపాటిది? 1949లో అధ్యక్షుడు ట్రూమన్ విదేశాంగ సహాయ కార్యదర్శి పదవి ఇవ్వజూపగా ఆయన నిరాకరించినారు. వర్ణ వివక్ష రాజ్యమేలుతున్న వాషింగ్టన్‌లో తిరిగి కాపురముండి, బిడ్డలను ఆ అవమానానికి గురిచేయడం ఆయనకు ఇష్టం లేకపోయింది. 1965లో సెల్మా పాదయాత్రలో మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి నడిచినారు. అదే సంవత్సరం భారత్, పాకిస్తాన్ యుద్ధానంతరం కాల్పుల విరమణ పర్యవేక్షణ బాధ్యతను కూడా నిర్వహించినారు. మధుమేహంతో చూపు మందగించినా విధిని విడువలేదు. 1971 డిసెంబరు 9న న్యూయార్కులో కన్నుమూసినారు.

ఆయన పరిశోధించిన టోగో, దహోమీ రెండూ 1960లో స్వతంత్రమైనవి. ధర్మకర్తృత్వం క్రిందనున్న పదకొండు ప్రాంతాలలో చివరిదైన పలావు 1994లో స్వతంత్రమైంది. ఆ దినాన్ని చూచుటకు బంచ్ లేరు.

విద్యార్థి మిత్రులారా! పరీక్ష కొరకు మాత్రమే చదివిన చదువు పరీక్షతోనే ముగుస్తుంది. బాధితుల పక్షాన నిజాయితీగా అడిగిన ప్రశ్న మాత్రం అడిగినవానికంటె దీర్ఘాయువు కలది. మీలో ఎవరైనా ఈ మార్గం ఎన్నుకొన్ననాడు, ముందు ప్రశ్నను వెదకండి. పదవి తరువాత రావచ్చును, రాకపోవచ్చును.