కార్బెట్ చేతిలోని తేలిక రైఫిల్

జిమ్ కార్బెట్ 1875 జులై 25న నైనిటాల్‌లో జన్మించారు. రైల్వేలో ఉద్యోగం, కుమావూ కొండల్లో వేట. 1907లో చంపావత్ ఆడపులిని ఎదుర్కొన్నప్పుడు ఆయన భుజాన ఉన్నది .500 బోరు జంట గొట్టాల బరువైన రైఫిల్. వెంట ఉన్నవి మూడే తూటాలు. అవి అయిపోయాక తహసీల్దారు తుపాకీ అందుకొని పేల్చవలసి వచ్చింది. ఆ పులి 436 మందిని బలిగొన్నదని లెక్క.

అందుకు గుర్తింపుగా నాటి లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూవెట్ ఆయనకు .275 రిగ్బీ రైఫిల్‌ను బహూకరించారు. బరువైన ఆయుధాన్ని కార్బెట్ పూర్తిగా విడిచిపెట్టలేదు. కానీ తేలికదనం విలువ 1930లో తెలిసింది. చౌగఢ్ నరభక్షకి ఎదురుపడే వేళకు ఎడమచేతిలో పక్షి గుడ్లున్నాయి. కుడిచేత్తోనే రైఫిల్‌ను మెల్లగా తిప్పి పేల్చారు. గుడ్లు పగలలేదు!

1878 ఆయుధాల చట్టం కింద భారతీయులకు లైసెన్సు తప్పనిసరి. యూరోపియన్లకు దశాబ్దాల పాటు మినహాయింపు. పులి భయం మాత్రం లైసెన్సు దొరకని పల్లెవాసులదే. ఛోటీ హల్ద్వానీ విడిచి వెళ్లేటప్పుడు కార్బెట్ తన తుపాకుల్లో ఒకదాన్ని అక్కడి గ్రామస్థునికి ఇచ్చారు.

1947లో కెన్యాకు వెళ్లిన ఆయన 1955 ఏప్రిల్ 19న కన్నుమూశారు. రిగ్బీ ఆయన పుస్తకాల ప్రచురణకర్తలైన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌కు చేరింది. అచ్చుపనివారికి తుపాకీ లైసెన్సు చిక్కే కదా! చివరకు దాన్ని తయారుచేసిన సంస్థే కొనుక్కుంది. 2016లో ఆ రైఫిల్‌ను కొద్దిరోజుల పాటు కుమావూకు తీసుకువచ్చారు.