ఫ్లాపీలో ప్రాణం నింపిన గ్యారీ కిల్డాల్

మన హాస్టల్ స్టోర్ రూంలో గోనెసంచులు కప్పుకొని పడి ఉన్న మూడు పాత కంప్యూటర్లు సీనియర్లకు గుర్తుండే ఉంటాయి. ఎవరో దాతలు ఇచ్చినవి. వాటి హార్డ్ డిస్కుల్లో ఏమీ లేదు. పాత సామాన్లవాడికి తూకానికి వేసేద్దామన్న మాట అప్పటికే నడుస్తోంది. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా ఒక ఆదివారం వార్డెన్ సారును అడిగి వాటిని బయటకు తీశాను. లైనక్స్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకొచ్చి పెట్టాను. బూట్ చేయడానికి పరికరం ఏదీ దొరకలేదని తెర మీద ఒక్క వాక్యం వచ్చి ఆగిపోయింది. తప్పెక్కడ జరిగిందో అర్థం కాక లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తుంటే పరిచయమైన పేరు గ్యారీ కిల్డాల్. ఆ మహనీయుని గురించి మన తమ్ముళ్ళకు, మిత్రులకు నాలుగు మాటలు చెప్పాలనే ఈ ప్రయత్నం.

కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటిల్ నగరంలో జన్మించారు. వారి కుటుంబం ఓడలు నడపడం నేర్పే పాఠశాల నిర్వహించేది. యువకుడిగా ఆయన కూడా అందులో పాఠాలు చెప్పారు. లెక్కల మాస్టారు కావాలన్నది ఆయన కోరిక. అందుకోసమే వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ కంప్యూటర్ చూశాక మనసు అటు మళ్ళింది. అయినా బోధన మానలేదు. 1969 నుంచి కాలిఫోర్నియాలోని మాంటెరేలో నౌకాదళ పోస్ట్ గ్రాడ్యుయేట్ కళాశాలలో పాఠాలు చెబుతూనే 1972లో డాక్టరేట్ పూర్తి చేశారు.

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే ఒక గది నిండా ఉండే యంత్రం. ఇంటెల్ సంస్థ 1971లో చేతి వేలిమీద నిలిచేంత చిప్‌ను విడుదల చేసింది. దీనితో సొంత కంప్యూటర్ తయారవుతుందని గ్రహించిన కొద్దిమందిలో కిల్డాల్ ఒకరు. కళాశాల పని లేని రోజుల్లో ఇంటెల్‌కు వెళ్ళి సలహాదారుగా పని చేశారు. ఆ చిప్‌ల కోసం పీఎల్/ఎం అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించారు.

చిప్ ఉన్నా ప్రోగ్రాములు దాచుకోవడానికి సరైన చోటు లేదు. అప్పట్లో కాగితపు టేపుకు రంధ్రాలు పొడిచి వాడేవారు. ఫ్లాపీ డిస్కు కొత్తగా వచ్చింది. కిల్డాల్ షుగార్ట్ కంపెనీ నుంచి ఒక డ్రైవ్ సంపాదించారు. అది కొత్తది కాదు, గంటల తరబడి పరీక్షల్లో తిరిగి అరిగిపోయినది. దాన్ని చిప్‌తో కలిపే సర్క్యూట్ తయారు చేయడం ఆయన వల్ల కాలేదు. విశ్వవిద్యాలయ మిత్రుడు జాన్ టొరోడ్ ఆ సర్క్యూట్ చేసిచ్చారు. 1974లో పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊళ్ళో, ఇంటి వెనుక షెడ్డులో ఆ డ్రైవ్ పని చేసింది. దాన్ని నడిపించిన ఆపరేటింగ్ సిస్టమే సీపీ/ఎం. ఇంటెల్ దాని మీద ఆసక్తి చూపలేదు. దాంతో కిల్డాల్, ఆయన భార్య డొరొతి కలిసి సొంతంగా కంపెనీ పెట్టారు. అదే తర్వాత డిజిటల్ రీసెర్చ్‌గా పేరు పొందింది.

మిత్రులారా, నా పెన్‌డ్రైవ్ ఎందుకు పని చేయలేదో చెప్పే సంగతి ఇక్కడే ఉంది. కరెంటు పెట్టిన క్షణంలో అలాంటి పాత కంప్యూటర్‌కు ఫైలు అంటే ఏమిటో తెలియదు. డిస్కు మొదట్లో ఒక నిర్ణీత చోటును మాత్రమే చదవగలదు. సీపీ/ఎం వాడిన 8 అంగుళాల ఫ్లాపీలో 77 ట్రాకులు ఉండేవి. వాటిలో మొదటి రెండు సిస్టం కోసమే. మొట్టమొదటి సెక్టారులో ఉన్న చిన్న ప్రోగ్రాం మిగతా సిస్టాన్ని మెమరీలోకి తెచ్చేది. మామూలుగా ఫైలు కాపీ చేస్తే అది ఆ ట్రాకుల్లోకి పోదు. అందుకే సిస్‌జెన్ అనే ప్రత్యేక ప్రోగ్రాంతో బూట్ ఫ్లాపీ తయారు చేసేవారు.

కిల్డాల్ చేసిన ఇంకో మేలు అంతకన్నా పెద్దది. ఒక్కో కంపెనీ కంప్యూటర్ ఒక్కో తీరుగా ఉండేది. ప్రతిదానికీ సిస్టం మొత్తం తిరగరాయడం అసాధ్యం. అందుకని ఆయన యంత్రంతో నేరుగా మాట్లాడే భాగాన్ని విడదీసి దానికి బయాస్ అని పేరు పెట్టారు. ఆ చిన్న భాగం మారిస్తే చాలు, మిగతాదంతా అదే రకం చిప్ ఉన్న ఏ యంత్రంలోనైనా నడుస్తుంది. సీపీ/ఎం సుమారు 3,000 నమూనాల కంప్యూటర్లలో నడవడానికి కారణం ఇదే.

1980లో ఐబీఎం ప్రతినిధులు పసిఫిక్ గ్రోవ్ వచ్చారు. ఆ ఉదయం కిల్డాల్ తన సొంత విమానంలో వేరే వ్యాపార పని మీద వెళ్ళారు. ఐబీఎం ఇచ్చిన రహస్య ఒప్పందం మీద డొరొతి సంతకం చేయలేదు. చివరకు ఆ అవకాశం మైక్రోసాఫ్ట్‌కు పోయింది. వారు కొని ఇచ్చిన సిస్టం సీపీ/ఎం పద్ధతిని అనుసరించి రాసినదే. తర్వాత ఐబీఎం సీపీ/ఎంను కూడా అమ్మకానికి పెట్టింది. కానీ దాని ధర 240 డాలర్లు, పోటీ సిస్టం 40 డాలర్లు. జనం ఏది కొన్నారో వేరే చెప్పనక్కర లేదు.

విమానంలో విహరిస్తూ అదృష్టం పోగొట్టుకున్న మనిషిగానే లోకం ఆయన్ను గుర్తు పెట్టుకుంది. ఇది న్యాయం కాదు. ఆ తర్వాత కూడా ఆయన చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఒక ఎన్‌సైక్లోపీడియా మొత్తాన్ని 1985లో సీడీలోకి ఎక్కించిన కృషి ఆయనదే. టీవీలో కంప్యూటర్ల గురించి సామాన్యులకు వివరించారు. 1991లో కంపెనీ నోవెల్ చేతికి వెళ్ళింది. 1994 జూలై 11న తలకు తగిలిన గాయంతో 52 ఏళ్ళకే మాంటెరేలో కన్నుమూశారు. ఆయన కంపెనీ నడిచిన భవనం ముందు 2014లో ఇంజనీర్ల సంస్థ ఐట్రిపుల్ఈ స్మారక ఫలకం పెట్టింది.

ఇక మన కంప్యూటర్ల సంగతి. ఈసారి ఫైలును కాపీ చేయకుండా, రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్ మీద రాయించాను. పాత యంత్రాలు కాబట్టి ఎంబీఆర్ పద్ధతి ఎంచుకున్నాను. ఇలా రాస్తే పెన్‌డ్రైవ్‌లోని పాత ఫైళ్ళన్నీ పోతాయి, ముందే దాచుకోవాలి. బయాస్‌లోకి వెళ్ళి మొదట యూఎస్‌బీ చూడమని మార్చాను. మూడింటిలో రెండు లేచాయి. మూడోదాని మదర్‌బోర్డే పోయింది, దాని మెమరీ తీసి మిగతా వాటికి వేశాం. ఆ ఏడాది పదో తరగతి తమ్ముళ్ళు తెలుగు టైపు నేర్చుకున్నది వాటి మీదే.

మా ఇంట్లో డిగ్రీ దాటినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. డిస్కు మొదటి సెక్టారులో 512 బైట్ల చోటే ఉంటుంది. అందులోని ప్రోగ్రాం పెద్ద పనులేవీ చేయదు, తన వెనుక ఉన్నదాన్ని పిలుచుకొస్తుంది. ఇంట్లో మొదట చదివినవాడి పని కూడా అదేనని నాకనిపిస్తుంది. ఆ బూట్ పెన్‌డ్రైవ్ వార్డెన్ సారు బీరువాలో ఉంది. ఏ పాత కంప్యూటర్ వచ్చినా తూకానికి వేసే ముందు ఒక్కసారి పెట్టి చూడండి తమ్ముళ్ళూ.

– పూర్వ విద్యార్థి, ఎం.సి.ఏ.