నడిచొచ్చినవాళ్లకి ఒక చోటు: గాడ్గే బాబా కథ

పండరీపురం వారీ వీడియో చూశారు కదా. పల్లకీలు, తాళాలు, తలమీద తులసికోట పెట్టుకుని నడిచే అమ్మలు, అన్నీ చూపించాం. ఒక్కటి మాత్రం వదిలేశాం. ఆళందిలో జ్ఞానేశ్వరుడి పల్లకీ వెంట బయల్దేరినవాళ్లు సుమారు 250 కిలోమీటర్లు, దాదాపు మూడు వారాలు నడిచి, మనం తొలి ఏకాదశి అనే రోజుకి పాండురంగడి ఊరు చేరతారు. సరే, చేరారు. ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారు?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. ఆ మధ్య ఫ్రెండ్స్‌తో కలిసి రెండు రోజులు నడిచి ఒక క్షేత్రానికి వెళ్లాను. దర్శనం చాలా బాగా అయింది. కానీ ఇప్పటికీ ఆ ప్రయాణం అనగానే ముందు గుర్తొచ్చేది సత్రంలో బాత్రూమే. కాళ్ల నిండా బొబ్బలు, లోపల అడుగు పెట్టలేనంత మురికి, కుళాయిలో చుక్క నీళ్లు లేవు. బయట అరుగు మీద పడుకున్నాం. అప్పుడే అనిపించింది, నడిచొచ్చినవాడికి శుభ్రమైన నేల, బకెట్ నీళ్లు ఇవ్వడం కూడా దేవుడి పనేనని. ఆ పనికే జీవితం మొత్తం ఇచ్చేసిన మనిషి గాడ్గే బాబా.

అసలు పేరు దేబూజీ. 1876 ఫిబ్రవరి 23న విదర్భలోని అమరావతి జిల్లా (మన అమరావతి కాదు, మహారాష్ట్రది) శేండ్‌గావ్‌లో, బట్టలు ఉతికే కులంలో పుట్టారు. తండ్రి ఝింగ్రాజీ తాగుడికి బలైపోయారు. తల్లి సఖూబాయి పిల్లాణ్ని తీసుకుని పుట్టింటికి చేరింది. అక్కడ దేబూ పశువులు కాశాడు, పొలం దున్నాడు. బడికి వెళ్లలేదు. షావుకారు అప్పు లెక్కల్లో మేనమామ పొలం పోవడం కళ్లారా చూశాడు. తర్వాత జీవితాంతం తాగకండి, అప్పు చేయకండి, పిల్లల్ని చదివించండి అని ఊరూరా ఎందుకు మొత్తుకున్నారో ఇక్కడే తెలిసిపోతుంది.

కుంతాబాయితో పెళ్లయింది, పిల్లలు పుట్టారు. కూతురి బారసాలకి మాంసం, సారా పెట్టడం వాళ్లలో ఆనవాయితీ. ఆయన పెట్టనన్నారు, శాకాహారమే వడ్డించారు. బంధువులకి ఎంత కోపం వచ్చుంటుందో మీరే ఊహించుకోండి.

1905లో ఒక రాత్రి ఇల్లు వదిలేశారు. అప్పటికి ఆయనకి సుమారు ఇరవై తొమ్మిదేళ్లు, దాదాపు ఇప్పుడు నా వయసు. వెనక ముసలి తల్లి, భార్య, పిల్లలు ఉన్నారు. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, దాచను. వాళ్లు పడ్డ కష్టం కూడా ఈ కథలో భాగమే.

ఒంటి మీద రంగురంగుల పాత గుడ్డ ముక్కలతో కుట్టిన బొంత. చేతిలో చీపురు. ఇంకో చేతిలో పగిలిన మట్టి కుండ చిప్ప, ఎండకి అదే టోపీ, ఆకలికి అదే కంచం. మరాఠీలో మట్టి కుండని గాడ్గే అంటారు, ఆ పేరే ఆయనకి స్థిరపడిపోయింది. ఏ ఊరు వెళ్లినా ముందు వీధులు, కాలవలు ఊడ్చేవారు. జనం పిచ్చివాడనుకునేవారు. సాయంత్రం అదే మనిషి కీర్తనకి నిలబడి గోపాలుడి నామం పలికిస్తుంటే ఊరంతా వచ్చి కూర్చునేది. ఆ కీర్తన మన హరికథలా సాగేది కాదు. ఎదురుగా ఉన్న రైతుల్నే ప్రశ్నలు అడిగి, జవాబు వాళ్ల నోటితోనే చెప్పించేవారు. దేవుడి పేరుతో మేకని కోయడం గురించి, అంటరానితనం గురించి, అప్పు చేసి పెళ్లిళ్లు చేయడం గురించి. కాళ్లకి దండం పెట్టబోతే ఊరుకునేవారు కాదు.

1923లో కొంకణ్ వైపు కీర్తన చేస్తుండగా కొడుకు గోవింద చనిపోయాడన్న కబురు వచ్చింది. ఆయన కీర్తన ఆపలేదు.

ఇక పండరీపురం. అప్పట్లో అక్కడికి నడిచొచ్చే భక్తులందరికీ దారి ఒకటే, ఊరు మాత్రం ఒకటి కాదు. దళితులు కూడా అదే ఎండలో, అదే వానలో, అదే విఠలుడి నామం పాడుకుంటూ వచ్చేవారు. వచ్చాక వాళ్లకి గుడిలోకి ప్రవేశం లేదు. బయట మెట్ల దగ్గరున్న చోఖామేళా సమాధి దాకానే. చోఖామేళా కూడా వాళ్లలో పుట్టిన భక్తుడే, ఆయన్నీ బతికుండగా గుడిలోకి రానివ్వలేదు. వందల ఏళ్లు అదే పరిస్థితి. 1947 మేలో సానే గురూజీ నిరాహార దీక్ష చేస్తే గానీ ఆ తలుపులు తెరుచుకోలేదు. గుడిలోనే చోటు లేనప్పుడు ఊళ్లో సత్రాల్లో ఎవరిస్తారు? ఆరుబయట, చంద్రభాగ ఒడ్డున, ఆషాఢం వానలో పడుకోవడమే.

గాడ్గే బాబా పండరీపురంలో వాళ్ల కోసం ధర్మశాల కట్టించి, దానికి చోఖామేళా పేరే పెట్టారు. తలుపులు తెరిచే దాకా ఆగలేదు, ముందు నెత్తిమీద కప్పు వేశారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని ఇదే. ప్రతి ఏడూ పండరీపురం వెళ్లినా ఆయన మాత్రం గుడి లోపలికి వెళ్లేవారు కాదంటారు. లక్షల మంది స్నానాలు చేసి వదిలేసిన చెత్తంతా చంద్రభాగ ఇసుకలో ఉండేది కదా, దాన్ని ఊడ్చుకుంటూ ఉండేవారు.

అక్కడితో ఆగలేదు. నాసిక్‌లో మన గోదావరి ఒడ్డున, దేహూలో, ఆళందిలో, ముంబైలో ధర్మశాలలు లేచాయి. బళ్లు, గోశాలలు, ఆసుపత్రులు కూడా. డబ్బంతా కీర్తనలు విన్న జనమే ఇచ్చారు. కోట్లు విలువ చేసే ఆ ఆస్తుల్ని ట్రస్టులకి అప్పగించి, తన కుటుంబానికి వాటి మీద ఏ హక్కూ లేకుండా చేశారు. అంత మందికి గదులు కట్టించిన మనిషి తాను మాత్రం వాటిలో ఉండకుండా ఏ చెట్టు కిందో, ఎవరి పశువుల కొట్టం పక్కనో పడుకునేవారట. సంతకం కూడా రాని మనిషి ఇన్ని సంస్థలు నడిపారంటే, ఎవరికి ఏ పని అప్పజెప్పాలో ఎంత బాగా తెలిసుండాలో కదా!

1949లో ఆయన జబ్బుపడి ముంబైలో ఆసుపత్రిలో ఉన్నారు. అప్పుడు కేంద్ర న్యాయశాఖ మంత్రిగా ఉన్న అంబేడ్కర్‌కి ఆ సంగతి తెలిసి, ఢిల్లీ ప్రయాణం వాయిదా వేసుకుని రెండు దుప్పట్లు పట్టుకుని చూడ్డానికి వచ్చారని చెబుతారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోని బాబా ఆ దుప్పట్లు తీసుకున్నారట. పండరీపురంలోని చోఖామేళా ధర్మశాలని బాబా అంబేడ్కర్ స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీకి ఇచ్చేశారు. నడిచి అలసిన వాళ్ల కోసం కట్టిన చోటు వాళ్ల పిల్లల చదువుకి వెళ్లింది.

1956 డిసెంబర్ 6న అంబేడ్కర్ పోయారు. అప్పటికే బాబా ఆరోగ్యం బాగా దెబ్బతింది. సరిగ్గా పద్నాలుగు రోజులకి, డిసెంబర్ 20న, అమరావతికి తీసుకెళ్తుండగా వలగావ్ దగ్గర పేఢీ నది వంతెన మీద, దారిలోనే ప్రాణం విడిచారు. సమాధి అమరావతిలో ఉంది, ఆ పేటని ఇప్పుడు గాడ్గే నగర్ అంటారు. ముంబై దాదర్‌లో ఆయన పేరు మీద ఇంకో ధర్మశాల నడుస్తోంది. అక్కడ ఉండేది యాత్రికులు కాదు, టాటా ఆసుపత్రికి క్యాన్సర్ వైద్యం కోసం దూరాల నుంచి వచ్చిన రోగులు, వాళ్లతో వచ్చిన ఇంటివాళ్లు.