ఎగరడం నేర్పే విద్యకు గురువు స్మిత్ బ్యారీ

షోళింగనల్లూరులో మన డాబా ఎక్కి తలెత్తితే విమానం కనిపించడం మామూలే. దాన్ని నడపడం ఎలా నేర్పాలో లోకానికి చూపిన రాబర్ట్ స్మిత్ బ్యారీని మాత్రం మనం అంతగా ఎరగం.

ఆయన 1886లో పుట్టారు. 1914 ఆగస్టులో ఫ్రాన్స్‌లో విమానం కూలి రెండు కాళ్లూ విరిగాయి. అయినా మళ్లీ ఎగిరారు. 1916లో 60వ స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహిస్తూ, అరకొర శిక్షణతో వచ్చిన కుర్రాళ్లు రాలిపోవడం చూసి పై అధికారులకు గట్టిగా లేఖలు రాశారు. దాంతో గోస్‌పోర్ట్‌లోని శిక్షణ దళాన్ని ఆయనకే అప్పగించారు.

అక్కడ జంట కంట్రోళ్లున్న అవ్రో 504లో శిష్యుణ్ని నేరుగా పైలట్ సీట్లో కూర్చోబెట్టారు. గిరగిరా తిరుగుతూ పడిపోయే స్పిన్‌లోకి కావాలనే దింపి, బయటపడే దారి చూపించారు. ఇంజను హోరులో గురువు మాట వినబడేందుకు గొట్టం అమర్చారు. బోధకులకూ శిక్షణ పెట్టారు. 1949లో కన్నుమూశారు.

గురువు వెంట ఉండగానే శిష్యుడు ప్రమాదాన్ని ఎదుర్కోవాలన్నది ఆయన పద్ధతి. ఇంట్లో పిల్లలకు తెలుగు నేర్పుకునే మనకూ ఇది పనికొస్తుంది. తప్పు రాస్తారని పలక లాక్కోకుండా, వాళ్ల చేతికే ఇచ్చి పక్కన కూర్చుందాం.