గుడియాత్తం బాటలో వైద్యురాలు

వేలూరు నుండి గుడియాత్తం పోయే బాట పక్కన ఒకప్పుడు వారానికొకసారి చెట్ల కింద జనం గుంపులుగా కూర్చుని ఉండేవారు. కళ్లకలకతో ఏడ్చే పిల్లలు, మానని పుండ్లతో కుంటే రైతులు, నిండు చూలాళ్లు ఆ గుంపుల్లో కనిపించేవారు. వారందరూ ఎదురుచూసింది డాక్టర్ ఐడా స్కడర్ కోసం.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించింది. తల్లిదండ్రులు అమెరికన్లు. తండ్రి జాన్, తాత కూడా వైద్యులే. అయినా ఐడాకు వైద్యం నేర్వాలనే కోరిక లేదు. చిన్ననాడు కరవులో ఆకలితో అలమటించిన పిల్లలను చూసిన ఆమెకు ఈ దేశంలో ఉండాలనీ లేదు. తల్లికి జబ్బుగా ఉందని 1890లో తిండివనం వచ్చింది గాని, త్వరలోనే తిరిగి వెళ్లిపోవాలనుకుంది.

ఒకనాటి రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. ఇద్దరు హిందువులు, ఒకరు ముస్లిం. ముగ్గురి భార్యలూ ప్రసవవేదనతో ప్రాణాపాయంలో ఉన్నారు. తండ్రి బయలుదేరబోయాడు. పరపురుషుడు తమ స్త్రీలను తాకరాదని వారు ఒప్పుకోలేదు. ఐడానే రమ్మని వేడుకున్నారు. ఆమెకేమో వైద్యం రాదు! తెల్లవారేసరికి ముగ్గురూ మరణించారు.

ఆమె అమెరికా వెళ్లి, 1899లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొంది, 1900లో వేలూరు చేరింది. అదే ఏడు తండ్రి మరణించాడు. ఇంట్లోని చిన్న గదిలోనే ఆమె వైద్యం మొదలుపెట్టింది. తొలిరోజుల్లో జనం రావడానికి జంకారు. తెల్లదొరసాని మందంటే భయం మరి! రెండేళ్లలో ఐదువేల మంది వచ్చారు. 1902లో 40 పడకల ఆసుపత్రి వెలిసింది.

అయితే పల్లెలవారు అంతదూరం నడిచి రాలేరు. అందువల్ల ఐడాయే మందులపెట్టెతో ఎద్దుబండిపై గుడియాత్తం బాట పట్టింది. తరువాత కారు వచ్చింది. ఎప్పుడూ చూడని ఆ బండిని చూసి కొందరు పారిపోయారట! అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా నేటి చిత్తూరును కూడా కలుపుకొని ఉండేది. 1911లో చిత్తూరు వేరు జిల్లా అయింది.

ఒక్క వైద్యురాలు ఎన్ని ఊళ్లకని వెళ్లగలదు? 1909లో నర్సులకు, 1918లో స్త్రీలకు వైద్యవిద్య నేర్పే పాఠశాలలను ఆమె ప్రారంభించింది. ఆడపిల్లలు ముందుకు వస్తారా అని చాలామంది సందేహించారు. మొదటి ఏడే 151 దరఖాస్తులు వచ్చాయి! ఆ విద్యార్థినులు ఆమె వెంట చెట్ల కిందికి వెళ్లి, కట్లు కట్టడం, మందులివ్వడం నేర్చుకొనేవారు. ఆ పాఠశాలే పెరిగి నేటి క్రైస్తవ వైద్య కళాశాల అయింది. 1947 నుండి అక్కడ పురుషులను కూడా చేర్చుకొన్నారు. 1960 మే నెలలో కొడైకెనాల్‌లో ఐడా కన్నుమూసింది.