అమరితేనే అనుసంధానం!

దాచుకున్న డబ్బులతో చిన్న కంప్యూటర్ ఒకటి మీరే సొంతంగా అసెంబుల్ చేసుకుంటున్నారనుకుందాం. మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు, అంటే 17 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు. అన్నీ బిగించారు. చివరికి మిగిలింది వైఫై కార్డు. రేటింగులు చూశారు, స్పీడు చూశారు, ఆన్‌లైన్‌లో తెప్పించారు. స్లాటులో చక్కగా కూర్చుంది. స్క్రూ కూడా పడింది. తీరా ఆన్ చేస్తే, అసలు అక్కడ కార్డు ఉన్నట్టే కంప్యూటర్‌కి తెలియదు! కార్డు పాడైంది కాదు. బోర్డులోనూ లోపం లేదు. రెండింటికీ పొత్తు కుదరలేదంతే.

ఎందుకు కుదరలేదో తర్వాత చూద్దాం. అంతకన్నా ముందు సుమారు 130 ఏళ్లు వెనక్కి వెళ్దాం. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఒక ఇరుకు గది. అక్కడ ఒక ఫిజిక్స్ లెక్చరర్ వైర్‌లెస్ పరికరాలను ఒక్కో ముక్కా తనే తయారు చేయించుకుని, ఒకదానికొకటి అమర్చుకుంటూ కూర్చున్నాడు. ఆయన పేరు జగదీశ్ చంద్ర బోస్. మొక్కలకు స్పందన ఉంటుందని చెప్పిన శాస్త్రవేత్తగానే మీరు ఆయన్ని చదువుకుని ఉంటారు. ఉద్యోగం వెతుక్కుంటున్న వాళ్లకి మాత్రం అంతకు ముందు జరిగిన కథే ఎక్కువ పనికొస్తుంది.

మాతృభాషలో మొదలు

బోస్ 1858 నవంబరు 30న తూర్పు బెంగాల్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో పుట్టాడు. తండ్రి భగవాన్ చంద్ర బోస్ డిప్యూటీ మేజిస్ట్రేట్. ఆ హోదా ఉన్నవాళ్లు పిల్లల్ని ఇంగ్లిష్ బడికి పంపే రోజులవి. ఆయన మాత్రం కొడుకుని బెంగాలీ బడిలోనే వేశాడు. బోస్ పక్కన కూర్చున్నవాళ్లు ఒక జాలరి కొడుకు, ఇంట్లో పనిచేసే మనిషి కొడుకు. ఇంగ్లిష్ చదువు ఆ తర్వాత వచ్చింది. కలకత్తాలోని సెయింట్ జేవియర్స్‌లో ఫాదర్ లాఫాంట్ ప్రయోగాలు చేసి చూపిస్తూ ఫిజిక్స్ చెప్పేవారు. చేత్తో చేసి చూడటమనే అలవాటు అక్కడే పట్టుకుంది. తెలుగు మీడియంలో చదివాం, వెనకబడిపోతామేమో అని బెంగపెట్టుకున్నవాళ్లు ఈ భాగం ఇంకోసారి చదువుకోండి.

1880లో డాక్టరు అవుదామని లండన్ వెళ్లాడు. జ్వరాలు వదల్లేదు. శవాలను కోసే గదిలో వాసనకి ఒళ్లు ఇంకా పాడైంది. వైద్యం చదువు మానేయక తప్పలేదు. డబ్బు, కాలం వృథా అయ్యాయని ఇంటికి తిరిగి రాలేదు. కేంబ్రిడ్జ్‌లోని క్రైస్ట్స్ కాలేజీలో ప్రకృతి శాస్త్రాల్లో చేరాడు. అక్కడ పాఠం చెప్పినవాళ్లలో లార్డ్ రేలీ ఒకరు. 1884లో కేంబ్రిడ్జ్ డిగ్రీ, లండన్ యూనివర్సిటీ బీఎస్సీ రెండూ చేతికొచ్చాయి. మొదట ఎంచుకున్న కోర్సు తన ఒంటికి సరిపడలేదు, సరిపడే దాన్ని వెతుక్కున్నాడు.

జీతం ముట్టని మూడేళ్లు

1885లో ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ బోధించే ఉద్యోగం వచ్చింది. అప్పటి పద్ధతి ప్రకారం భారతీయుడైన ప్రొఫెసర్‌కి యూరోపియన్ జీతంలో మూడింట రెండొంతులే. పైగా బోస్‌ది తాత్కాలిక నియామకం కాబట్టి అందులోనూ సగం. లెక్క వేసి చూడండి. అదే పాఠం చెప్పే తెల్లాయనకి మూడు రూపాయలొస్తే ఈయనకి ఒక్క రూపాయి.

బోస్ గొడవ పెట్టుకోలేదు, రాజీనామా ఇవ్వలేదు. జీతం తీసుకోవడం మానేశాడు. పాఠాలు మాత్రం మానలేదు. ఒకటీ రెండూ కాదు, మూడేళ్లు. ఇంట్లో సుఖంగా ఉండి చేసిన పని కాదది. తండ్రి రకరకాల వ్యాపార ప్రయత్నాల్లో నష్టపోయి అప్పుల్లో మునిగి ఉన్నాడు. ఆ మధ్యలోనే, 1887లో, అబలతో పెళ్లయింది. చివరికి ఆయన బోధన చూసి అధికారులే దిగొచ్చారు. ఉద్యోగం పర్మనెంట్ చేసి, మూడేళ్ల పూర్తి జీతం ఒకేసారి చెల్లించారు. ఆ డబ్బు తండ్రి అప్పులు తీర్చడానికి వెళ్లింది.

ఇది చదివి రేపు మీరూ జీతం వద్దనాలని కాదు. ఇంటి అద్దె, ఈఎంఐ ఎవరివి వాళ్లకుంటాయి. గమనించాల్సింది ఇంకొకటి. నిరసన తెలుపుతున్న మూడేళ్లూ ఆయన క్లాసుకి వంక పెట్టే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు.

గది చిన్నది, తరంగమూ చిన్నదే

1894లో, 36వ పుట్టినరోజున, ఇక పరిశోధనే తన దారి అని బోస్ నిర్ణయించుకున్నాడు. జర్మనీలో హెర్ట్జ్ అప్పటికే విద్యుదయస్కాంత తరంగాలు ఉన్నాయని ప్రయోగాలతో నిరూపించాడు. అవి కాంతిలాగే వంగుతాయా, పరావర్తనం చెందుతాయా అని చూడాలంటే ఒక చిక్కుంది. వాడే పరికరం తరంగం కన్నా పెద్దదిగా ఉండాలి. హెర్ట్జ్ తరంగాల పొడవు పదుల సెంటీమీటర్ల నుంచి మీటర్ల దాకా ఉండేది. అందుకే ఆయన వాడిన కీలు పట్టకం ఒక్కటే అర టన్ను పైచిలుకు బరువు తూగింది.

బోస్‌కి అంత చోటెక్కడిది? కాలేజీలో ఆయనకు దొరికింది చిన్న గది. ప్రయోగశాల కోసం ప్రత్యేకంగా డబ్బూ లేదు. పెద్ద గది ఇచ్చేదాకా ఆగుదామనుకోలేదు. తరంగాన్నే పొట్టి చేశాడు. ఆయన పుట్టించిన తరంగాల పొడవు 5 నుంచి 25 మిల్లీమీటర్లు. దాంతో పరికరాలన్నీ ఒక బల్ల మీద సర్దుకున్నాయి.

ఇప్పుడు ఆయన విడిభాగాలు చూడండి. పనివాడు, శాస్త్రం చదవని ఒక రేకుల పనివాడు. అతనికి నేర్పించి చేయించుకున్నాడు. తరంగాలను ఒక దిక్కుకి నడిపించడానికి లోహపు గొట్టం. వచ్చినవాటిని పోగుచేయడానికి గరాటు. ఈ రోజు ఇంజినీరింగ్ పుస్తకాల్లో మీరు చదివే వేవ్‌గైడు, హార్న్ యాంటెన్నా ఇవే. తరంగాలను ధ్రువణం చేయడానికి రైల్వే టైంటేబుల్ పుస్తకం పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి వాడాడు. మెలిపెట్టిన జనపనార కట్టలతోనూ ప్రయోగం చేశాడు. రిసీవర్‌లో వరుసగా సన్నని స్ప్రింగులు. వాటి మీద ఒత్తిడి ఎంతుండాలి, బ్యాటరీ నుంచి కరెంటు ఎంతివ్వాలి అన్నది వచ్చే తరంగాన్ని బట్టి సరిచేయాలి. ఏ కాస్త తేడా వచ్చినా రిసీవర్ పలకదు. ట్రాన్స్‌మిటర్‌ని లోహపు పెట్టెలో మూసి, చిన్న సందు మాత్రం ఉంచాడు. ఎందుకంటే లోహం దాటి తరంగం పోదు. అనవసరపు చోట్లకి పాకకుండా అదో కట్టడి.

అందులో ఏ ముక్కా దానంతటది గొప్పది కాదు. ప్రతి ముక్కా పక్క ముక్కకి సరిపోయేలా చేసిందే.

1895 ప్రాంతంలో కలకత్తా టౌన్‌హాల్లో జనం ముందు ప్రదర్శన ఇచ్చాడు. తీగల్లేకుండా తరంగం గోడలు దాటి వెళ్లి దూరాన గంట మోగించింది, తుపాకీ మందుని పేల్చింది. దారిలో అడ్డంగా ఉన్నది సాక్షాత్తూ బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్! 1897 జనవరిలో అవే చిన్న పరికరాలతో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యాసం ఇచ్చాడు.

మీ మదర్‌బోర్డు మీద అదే పని

ఇక మనం వదిలేసిన కార్డు దగ్గరికొద్దాం. బోస్ ముందు గదిని చూసుకున్నాడు, తర్వాతే తరంగాన్ని. మీరూ ముందు బోర్డుని చూడాలి, తర్వాతే కార్డుని. చూడాల్సినవి ఐదు.

మొదటిది స్లాటు. చిన్న బోర్డులో పెద్ద పీసీఐఈ స్లాటు సాధారణంగా ఒక్కటే ఉంటుంది. అది గ్రాఫిక్స్ కార్డుకి పోతుంది. కాబట్టి వైఫైకి మిగిలేది ఎం.2 స్లాటు. అందులోనూ అంచున ఉండే గాటుని బట్టి రకాలున్నాయి. వైఫైకి 'ఈ' కీ, ఎస్ఎస్‌డీకి 'ఎం' కీ. ఒకదానిది ఇంకోదానిలో పట్టదు. సైజు ఎక్కువగా 2230, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు.

రెండోది, చాలామంది దెబ్బతినేది. గాటు కలిసినంత మాత్రాన భాష కలిసినట్టు కాదు. ఇంటెల్ ఏఎక్స్201, ఏఎక్స్211 కార్డులు సీఎన్‌వీఐ అనే పద్ధతిలో పనిచేస్తాయి. కార్డు చేయాల్సిన పనిలో కొంత భాగం ఇంటెల్ ప్లాట్‌ఫాంలోనే ఉంటుంది. ఆ ఏర్పాటున్న ఇంటెల్ బోర్డులో తప్ప అవి పలకవు. ఏఎండీ బోర్డులో బిగిస్తే మొదట్లో చెప్పుకున్న కథే. ఏఎక్స్200, ఏఎక్స్210 మామూలు పీసీఐఈ కార్డులు కాబట్టి ఏఎండీ బోర్డుల్లోనూ నడుస్తాయి. పేరులో ఒక్క అంకె తేడా, మీ డబ్బుకి మాత్రం పెద్ద తేడా.

మూడోది బ్లూటూత్. వైఫై పీసీఐఈ దారిలో వెళ్తే, ఈ పీసీఐఈ కార్డుల్లో బ్లూటూత్ యూఎస్‌బీ దారిలో వెళ్తుంది. స్లాటులో యూఎస్‌బీ లైన్లు లేకపోతే వైఫై వస్తుంది, బ్లూటూత్ రాదు. పెద్ద స్లాటులో పెట్టే డెస్క్‌టాప్ కార్డులతో పాటు విడిగా ఒక కేబుల్ ఇస్తారు, చూశారా? అది మదర్‌బోర్డు మీది యూఎస్‌బీ పిన్నులకు పెట్టాలి.

నాలుగోది యాంటెన్నా. ఎం.2 కార్డుల మీద ఉండే కనెక్టర్ ఎంహెచ్ఎఫ్4, చాలా చిన్నది. పాత మినీ పీసీఐఈ కార్డుల తీగ చివర దానికన్నా పెద్దది. బలవంతంగా నొక్కితే కార్డు మీది కనెక్టరే ఊడిపోవచ్చు. యాంటెన్నాని లోహపు కేసు లోపల వదిలేయొద్దు. బోస్ తరంగాలను ఆపడానికి వాడిన పెట్టె గుర్తుందిగా? మీ కేసు కూడా అలాంటిదే. యాంటెన్నా బయటికి రావాలి.

ఐదోది డ్రైవర్. మీరు వాడే ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఆ కార్డు తెలిసి ఉండాలి. ఉదాహరణకి లినక్స్‌లో ఏఎక్స్210 కావాలంటే కెర్నల్ 5.10 గానీ ఆ పై వెర్షన్ గానీ ఉండాలి.

వదిలేసుకున్నదీ ఒక పాఠమే

బోస్ సీసపు ఖనిజమైన గెలీనాతో తరంగాలను పసిగట్టే డిటెక్టర్ చేశాడు. పేటెంట్లంటే ఆయనకి ఇష్టం ఉండేది కాదు. స్నేహితులు పట్టుబట్టడంతో 1901లో అమెరికాలో దరఖాస్తు వెళ్లింది, 1904లో పేటెంట్ వచ్చింది. దాని మీద డబ్బు చేసుకునే ప్రయత్నం ఆయన చేయలేదు. 1909లో వైర్‌లెస్‌కి నోబెల్ బహుమతి మార్కోనీ, బ్రౌన్‌లకు దక్కింది. ఆయన ఎంపిక ఆయనది. మీరు మాత్రం చేసిన ప్రాజెక్టుల్ని తేదీలతో, ఫొటోలతో రాసి పెట్టుకోండి.

అప్పటికే ఆయన మనసు మరో వైపు మళ్లింది. రిసీవర్ ఎక్కువసేపు వాడితే అలసిపోయినట్టు మందగించడం గమనించాడు. లోహానికే అలసట ఉంటే మొక్కకి ఉండదా అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. 1917లో, తన పుట్టినరోజునే, కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభించాడు. 1920లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశాడు. 2012లో ఐఈఈఈ ఆయన మిల్లీమీటర్ తరంగాల ప్రయోగాలను మైలురాయిగా గుర్తించింది. 5 మిల్లీమీటర్ల తరంగమంటే 60 గిగాహెర్ట్జ్. వైఫైలో వైగిగ్ అనే రకం పనిచేసేది సరిగ్గా అక్కడే.

హార్డ్‌వేర్ లేదా నెట్‌వర్క్ సపోర్టు ఇంటర్వ్యూలో మంచి వైఫై కార్డు ఏదని అడిగితే గబుక్కున మోడల్ పేరు చెప్పేయకండి. ఏ బోర్డు, ఏ ప్రాసెసర్, ఏ కేసు, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అని మీరే తిరిగి అడగండి. ఆఫర్ లెటర్ చేతికొచ్చినప్పుడూ అంతే. జీతం అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టకుండా పని ఏమిటి, పర్మనెంటా కాంట్రాక్టా, అదే పని చేసే పక్కవాళ్లకి ఇచ్చే షరతులే మీకూ ఇస్తున్నారా అన్నది కనుక్కోండి.