విమానదాత ఉస్మాన్ అలీఖాన్

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1886 ఏప్రిల్ 6న హైదరాబాదులో జన్మించి, 1911లో సింహాసనమధిష్ఠించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపకులుగా వారిని ఎరుగని విద్యార్థి లేడు. విమానదాతగా ఎరిగినవారు అరుదు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిషు వైమానికదళపు 110వ స్క్వాడ్రన్‌కు బాంబరు విమానాలను సమకూర్చినది వారి ధనమే. అందుచేత ఆ స్క్వాడ్రన్‌కు హైదరాబాదు పేరు పెట్టారు. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరిన ఆ దళం, నవంబరులో యుద్ధం ముగిసేలోగా జర్మనీపై దాడులలో 17 విమానాలను, ప్రమాదాలలో మరి 28 విమానాలను కోల్పోయింది. నష్టపోయినవాటి స్థానంలో కొత్తవి వెనువెంటనే రానిదే ఎంతటి దానమైనా కొద్ది వారాలకే హరించిపోతుంది. రెండవ ప్రపంచయుద్ధంలోనూ హైదరాబాదు పేరు ధరించిన 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ విమానాలతో బ్రిటన్ ఆకాశాన్ని కాపాడింది.

కాని 1948 సెప్టెంబరు 13న భారతసేనలు సంస్థానంలో ప్రవేశించిననాడు, నిజాంకు సొంత యుద్ధవిమానదళమే లేదు. ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ కరాచీ నుండి రహస్యంగా చేరవేసిన ఆయుధాలు ఏమాత్రం చాలలేదు. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు.

అనంతరం 1950 నుండి 1956 వరకు రాజప్రముఖ్‌గా ఉండి, 1967 ఫిబ్రవరి 24న పరమపదించారు.

ఆయుధాన్ని ధనంతో కొనవచ్చును. దానిని నిత్యం సిద్ధంగా నిలిపే కర్మాగారమూ, ప్రజల అండా మాత్రం సొంతగడ్డపైనే ఉండాలి. ఆ మహాదాత జీవితం మనకు నేర్పే పాఠమిదే.